సర్కస్ జోకరు మాస్టారు కాగలడా?

ప్రశ్న:

అక్కగారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. నా వయసు 47. ఎత్తు మూడడుగుల ఎనిమిది అంగుళాలు. ఏడో తరగతితో బడి మానేశాను. 19వ ఏట సర్కస్‌లో చేరి 22 ఏళ్లు జోకరుగా చేశాను. 2020లో కరోనా వచ్చి ఆటలు ఆగిపోయాక ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు పీచు మిల్లు పక్కన టీకొట్టు పెట్టుకున్నాను.

మొన్నామధ్య ఒక ప్రైవేటు స్కూలు వార్షికోత్సవానికి పిలిస్తే వెళ్లి పది నిమిషాలు ఐటం చేశాను. అది చూసి అక్కడి మేడంగారు, ఎండాకాలం సెలవుల్లో నెల్లాళ్లు పిల్లలకి జోకరు విద్య నేర్పమన్నారు. వారానికి ఆరు రోజులు, రోజుకి రెండు గంటలు, మొత్తం 5,000 ఇస్తామన్నారు. మా బావమరిది 'ఇన్నాళ్లూ ఎక్కడో పరాయి ఊళ్లలో నవ్వించావు, సరే. ఇప్పుడు మనూరి పిల్లల చేత కూడా నవ్వించుకుంటావా' అంటున్నాడు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఏమీ అనదు గానీ నేను రంగు పూసుకుంటే లేచి గదిలోకి వెళ్లిపోతుంది.

అసలు జోకరు పని నేర్పేదా అక్కగారూ? పొట్టివాణ్ణి కాబట్టి నన్ను జోకర్ని చేశారు. నాకు వచ్చిందేంటో నాకే తెలీదు. ఊయలాట వాళ్లకి వల కట్టేదాకా మూడు నిమిషాల ఐటం ఏడు నిమిషాలు లాగేవాణ్ణి, ఆఖర్న ఊయల మీంచి వలలో పడేవాణ్ణి, అంతే. ఇది బతుకుతెరువు అవుతుందా? ఏం నేర్పాలి? ఎంత అడగాలి?

సమాధానం:

తమ్ముడూ,

అక్కగారూ అని పిలిచారు కాబట్టి నేనూ తమ్ముడూ అనే అంటాను. 'మీరు' అనడం మాత్రం మాననండి, అది నా అలవాటు.

మీ ఉత్తరం చదువుతూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మూడు నిమిషాల ఐటం ఏడు నిమిషాలు లాగేవాణ్ణి, 'అంతే' అన్నారు. ముందు ఆ 'అంతే' కొట్టేయండి. నేను 31 ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. ప్రతి ఏడూ పిల్లల చేత నాటకం వేయించాను. ఒక ఏడాది రెండో రంగానికి ముందు తెర తాడు కప్పీలో ఇరుక్కుపోయింది. తెర ముందు భీముడి వేషం వేసిన కుర్రాడొక్కడే గద పట్టుకుని మిగిలాడు. అర నిమిషం జనం ఊరుకున్నారు. తర్వాత ఈలలు మొదలయ్యాయి. మూడో నిమిషానికి భీముడు ఏడ్చేశాడు. పద్యాలన్నీ కంఠతా వచ్చు ఆ పిల్లాడికి. చేతిలో ఏమీ లేనప్పుడు జనాన్ని పట్టి కూర్చోబెట్టడం మాత్రం రాదు. అది నేను నేర్పలేదు, ఎందుకంటే నాకూ రాదు. మీరు ఆ పని 22 ఏళ్లు, పండగ రోజుల్లో రోజుకు మూడేసి ఆటలు చేశారు.

మన తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకోండి. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఆ కళ మీద బతికిన కుటుంబాలున్నాయి. రావణుడి బొమ్మ తీసి ఇంకోటి పెట్టేలోగా తెర మీదికి ఎవరొస్తారు? కేతిగాడూ బంగారక్కా. వాళ్ల గొడవకి జనం పడీపడీ నవ్వుతుంటే వెనకాల బొమ్మలు మారిపోతాయి. మీరు వల కట్టేదాకా చేసింది అచ్చంగా కేతిగాడి పనే. ఆటకి కీలు అక్కడుంటుంది. ఆ కీలు ఊడితే ఆట రెండు ముక్కలవుతుంది.

ఇక మొదటి ప్రశ్న, జోకరు పని నేర్పేదా అని. నేర్పేదే. దానికోసం బడులే పెట్టారు. మాస్కోలో 1927లో సర్కస్ బడి తెరిచారు. అక్కడ చదువుకుని వచ్చిన జోకర్లలో మిహాయిల్ రుమ్యాంత్సెవ్ అని ఒకాయన ఉన్నాడు. రింగులో ఆయన పేరు కరందాష్, రష్యన్ భాషలో పెన్సిల్ అని అర్థం. ఆయనా పొట్టి మనిషే. ఒక బుల్లి కుక్కని వెంటబెట్టుకుని రింగులోకి వచ్చేవాడు. పేరు వచ్చాక ఆయన కుర్రాళ్లని సహాయకులుగా పెట్టుకున్నాడు. వాళ్లలో ఒకడు యూరి నికూలిన్. యుద్ధంలో సైనికుడిగా చేసి వచ్చి, సినిమా బడిలో చేరబోతే కాదన్నారు. మాస్కో సర్కస్‌లో జోకర్లకి శిక్షణ ఇస్తున్నారని తెలిసి అందులో చేరాడు. రంగు పూసుకోవడం దగ్గర్నుంచి ఎక్కడ ఆగాలో దాకా పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నాడు. తర్వాత రోజుల్లో ఆ దేశం మొత్తానికి ఇష్టమైన హాస్యనటుడయ్యాడు, అదే సర్కస్‌కి డైరెక్టరూ అయ్యాడు. ఇప్పుడు ఆ సర్కస్‌కి నికూలిన్ పేరుంది, ఆ బడికి రుమ్యాంత్సెవ్ పేరుంది. గురువు పేరు బడికీ, శిష్యుడి పేరు సర్కస్‌కీ దక్కాయన్నమాట. ఇది తలుచుకుంటే నాకు మనసు నిండిపోతుంది.

అమెరికాలో రింగ్లింగ్ సర్కస్ 1967లో చేతులు మారింది. కొత్త యజమాని ఇర్విన్ ఫెల్డ్ చూసేసరికి జోకర్లు కొద్దిమందే మిగిలారు, వాళ్లూ చాలామంది వయసు మళ్లినవాళ్లే. ఆ పెద్దవాళ్లతోపాటే విద్య కూడా పోతుందని 1968లో ఫ్లోరిడాలోని వెనిస్ ఊళ్లో జోకర్ల కాలేజీ తెరిచాడు. ఫీజు లేదు. 1997లో మూసేదాకా దాదాపు 1,400 మంది అక్కడ నేర్చుకున్నారు. పడటం, బంతులు ఎగరేయడం, కొయ్యకాళ్ల మీద నడవడం, రంగు వేసుకోవడం, ఆటసామాను సొంతంగా చేసుకోవడం, ఇవీ పాఠాలు. అక్కడ పెద్ద మాస్టారు లూ జేకబ్స్. 1903లో జర్మనీలో పుట్టినాయన. పొడుగాటి మనిషి. గంపంత కారులోంచి కాళ్లూ చేతులూ విప్పుకుంటూ బయటికి రావడం ఆయన ఐటం. కాలేజీ తెరిచేనాటికి ఆయనకి 65 ఏళ్లు. అయినా రింగు మానలేదు. రింగులో చేస్తూనే నేర్పాడు.

ఇది మీరు గట్టిగా పట్టుకోవాలి తమ్ముడూ. ఆట అయిపోయింది కాబట్టి ఇప్పుడు పాఠం చెప్పుకుంటున్నాను అని మీరు అనుకుంటున్నారు. ఆ మహానుభావులెవరూ అలా అనుకోలేదు. జోకరు జీవితంలో నేర్పడం రెండో సగం. అందుకే మీరు వార్షికోత్సవాల్లో ఐటాలు మానొద్దు. ఆడుతున్న ఒంటికే పాఠం గుర్తుంటుంది.

మన దేశం సంగతీ చెప్పాలి. విష్ణుపంత్ ఛత్రే 1880లో మొదటి భారతీయ సర్కస్ నడిపితే, దానికి మనుషుల్ని తయారుచేసింది కేరళలో తలశ్శేరికి చెందిన వ్యాయామ మాస్టారు కీలేరి కుంఞికణ్ణన్. 1901లో చిరక్కరలో సర్కస్ బడి పెట్టాడు. మన సర్కస్ పుట్టుకలోనే ఒక మాస్టారు ఉన్నాడు. కానీ జోకరు పని మాత్రం మన డేరాల్లో ఎక్కువగా పక్కనుండి చూసి పట్టుకున్నదే. ఎవరూ మీకు 'ఇది ఒకటో పాఠం, దీని పేరు ఫలానా' అని చెప్పి ఉండరు. పేరు పెట్టలేదు కాబట్టే 'నాకు వచ్చిందేంటో నాకే తెలీదు' అంటున్నారు. వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. టీకొట్టు ఖాళీగా ఉండే మధ్యాహ్నం వేళ, మీరు చేసిన ఐటాలన్నీ ఒక్కోటి రాయండి. జనం ఎక్కడ నవ్వేవారు, అంతకుముందు మీ కాలు ఎక్కడుంది, చూపు ఎటుంది, బ్యాండు ఏం వాయించింది, అదంతా. రాయడం కష్టమైతే ఫోన్లో చెప్పి రికార్డు చేసుకోండి. పది రోజులు తిరక్కుండా మీకు వచ్చిందేంటో మీకే కనపడుతుంది.

ఎత్తు గురించి రాశారు. మనసు కష్టపెట్టుకుని రాశారని అర్థమైంది. నిజమే, మన డేరాల్లో పొట్టివాళ్లని చూడగానే జోకరు బట్టలు ఇచ్చేవారు. అది మీరు ఎంచుకున్నది కాదు, ఆ అన్యాయాన్ని నేను తేలిక చేయను. కానీ ఎత్తు చూసి వచ్చే నవ్వు ఎంతసేపుంటుంది? మీరు రింగులోకి రాగానే ఒక్కసారి వస్తుంది, అయిపోతుంది. మిగతా ఆరున్నర నిమిషాలు ఎవరు నవ్వించారు? ఊయల మీంచి వలలో పడేవాణ్ణి అన్నారు. వలలో సరిగ్గా వీపు మీద పడాలనీ, కాలో చెయ్యో వల కన్నంలో ఇరుక్కుంటే విరుగుతుందనీ మీకు నాకన్నా బాగా తెలుసు. చేతకానివాడిలా పడాలంటే, చేతనైనవాడికన్నా బాగా రావాలి. అది ఎత్తులోంచి వచ్చింది కాదు.

పిల్లలు మొదటిరోజు మీ ఎత్తు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ సంగతి మీరే ముందు ఎత్తండి. 'నా ఎత్తు ఇంత, నాకన్నా పొడుగున్నవాళ్లు చెయ్యెత్తండి' అని లెక్కపెట్టించి, 'సరే, ఇప్పుడు నాలాగా పడగలిగేవాళ్లు చెయ్యెత్తండి' అని ఒక్కసారి పడి చూపించండి. ఆ తర్వాత ఎత్తు సంగతి ఎవరికీ గుర్తుండదు. రంగు మాత్రం నెలాఖరు దాకా డబ్బా మూత తీయొద్దు. మామూలు ప్యాంటూ చొక్కాతోనే వెళ్లండి. రంగు ముందే వస్తే, జోకరంటే ఎర్రముక్కు అనుకుని ఇంటికి పోతారు పిల్లలు.

ఇక ఏం నేర్పాలి. మొదట పడటం నేర్పండి. ఎందుకో చెప్పడానికి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఒక ఏడాది మయసభ ఘట్టం వేయించాను. దుర్యోధనుడు నీళ్లు లేవనుకుని జారిపడే చోటు. తొమ్మిదో తరగతి పిల్లాడు, చురుకైనవాడు. 'ధబీమని పడాలిరా, జనం ఉలిక్కిపడాలి' అన్నాను. ఎలా పడాలో చెప్పలేదు. నాకు తెలిస్తే కదా. రిహార్సల్లో రెండుసార్లు బాగానే పడ్డాడు. మూడోసారి వెనక్కి పడుతూ, పడేవాడెవడైనా చేసినట్టే, చెయ్యి వెనక్కి చాచి నేలకి ఆనించాడు. మోచెయ్యి కర్రలా బిగుసుకుని ఉంది. ఒంటి బరువంతా మణికట్టు మీద పడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆరు వారాలు కట్టు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. చాలా ఏళ్ల తర్వాత, పడటం తెలిసిన నటుడొకాయన మా పిల్లలకి చూపిస్తుంటే పక్కన నిలబడి చూశాను. ముందు గొంతుక్కూర్చోబెట్టాడు. గడ్డం రొమ్ముకి ఆనించమన్నాడు, తల వెనక నేలకి తగలకుండా. ఊపిరి వదలమన్నాడు. అప్పుడు పిరుదు పక్కనున్న కండ మీద మెల్లగా కూలి, వీపు గుండ్రంగా దొర్లించి, రెండు అరచేతులూ మోచేతులదాకా ఒక్కసారే నేలమీద చరచమన్నాడు. దెబ్బంతా ఆ చరుపులోకి పోతుంది, జనానికి చప్పుడు వినపడుతుంది. ఒంటికి ఏమీ కాదు. రెండు రోజులు గొంతుక్కూర్చునే, మూడో రోజు వంగి, ఐదో రోజుకి గానీ నిలబడి పడనివ్వలేదు. ఇదంతా మీ ఒంట్లో ఉంది. నాకు ఆ రోజు మీలాంటివాడు పక్కనుంటే ఆ పిల్లాడి చెయ్యి విరిగేది కాదు.

మీ కొట్టు పక్కనే పీచు మిల్లు ఉందన్నారు. పీచు పరుపులు నాలుగు అడిగి తీసుకోండి, ఉత్త గచ్చు మీద ఒక్క పిల్లణ్ణీ పడనివ్వొద్దు.

పడటం అయ్యాక చెంపదెబ్బ. కొట్టేవాడి చెయ్యి గాలిలోంచే పోతుందనీ, తినేవాడే కిందుగా తన అరచేతులు చరుచుకుని చప్పుడు చేస్తాడనీ తెలిస్తే పిల్లలకి పండగే. దెబ్బ తయారయ్యేది తిన్నవాడి మెడ తిప్పులో అని వాళ్లకి అర్థం కావాలి. స్కూళ్లలో పిల్లలు ఒకళ్లనొకళ్లు నిజంగానే కొట్టుకుంటారు కదా, కొట్టకుండా కొట్టినట్టు చేయడానికి ఇద్దరూ ఎంత కలిసిమెలిసి ఉండాలో ఈ పాఠంలో ఒంటికి తెలుస్తుంది. తర్వాత మీ నీళ్ల బకెట్టు ఐటం. జనం మీదికి విసిరితే కాగితం ముక్కలు పడే ఐటం మీ డేరాలోనూ ఉండే ఉంటుంది. అందులో మొదట నిజంగా నీళ్లున్నట్టు జనాన్ని నమ్మించడమే సగం పని.

అన్నింటికన్నా కష్టమైన పాఠం ఏమీ చేయకుండా నిలబడటం. పారిస్‌లో జాక్ లెకాక్ అనే మాస్టారు 1956లో నటన బడి పెట్టాడు. ఆయన ఒకసారి శిష్యుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కళ్లే మధ్యలోకి వచ్చి మమ్మల్ని నవ్వించండి అన్నాడు. పిల్లిమొగ్గలు వేశారు, మాటలు చెప్పారు, తిప్పలు పడ్డారు. ఎవరికీ నవ్వు రాలేదు. చివరికి ఓడిపోయి, సిగ్గుపడుతూ తమ చోటికి వెళ్లి కూర్చుంటుంటే, అప్పుడు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసే ఆయన తన జోకరు పాఠం కట్టుకున్నాడు. మీ క్లాసులో క్లాసులీడరు కాదు, మూలన కూర్చునే పిల్లాడు బాగా చేస్తాడు, చూస్తూ ఉండండి. ఆడపిల్లల్ని వేరు పెట్టకండి. ఫ్రాన్స్‌లో ఆనీ ఫ్రాతెలీనీ అని జోకర్ల ఇంట పుట్టినావిడ, తనూ జోకరే, 1970లలో సర్కస్ బడి పెట్టి ఎందరినో తయారుచేసింది.

డబ్బు మాట. వారానికి ఆరు రోజుల చొప్పున నాలుగు వారాలకి 24 రోజులు, రోజుకు రెండు గంటలంటే 48 గంటలు. 5,000ని 48తో భాగిస్తే గంటకు 104 రూపాయలు. పోనూ రానూ ఆటో మీ జేబులోంచే. ఒప్పుకోవద్దు. కొబ్బరికాయలు దింపు తీసే మనిషి చెట్టుకి ఇంత అని ముందే చెప్పి మరీ ఎక్కుతాడు కదండీ, ఆ పద్ధతే పట్టండి. నా సలహా ఏమిటంటే, 24 రోజులు వద్దు, 12 క్లాసులు చాలు, రోజు విడిచి రోజు. గంటన్నరకి మించొద్దు, పిల్లల ఒళ్లు అలిసిపోతే దెబ్బలు తగులుతాయి. పదిహేను మందికి మించి తీసుకోవద్దు. క్లాసుకి 1,000 చొప్పున 12,000 అడగండి, సగం ముందు ఇమ్మనండి. ఇదంతా ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టించుకోండి. మేడంగారు 9,000 అంటే ఆలోచించండి, 5,000 దగ్గరే కూర్చుంటే దండం పెట్టి వచ్చేయండి. తక్కువకి చేస్తే మీ తర్వాత వచ్చేవాడికీ అదే ధర కట్టేస్తారు.

ఆ కాగితంలోనే ఇంకొన్ని రాయించండి. క్లాసు జరిగినంతసేపూ స్కూలు టీచరు ఒకరు గదిలో ఉండాలి. ఏ పిల్లాడితోనూ, పిల్లతోనూ మీరు ఒంటరిగా ఉండకూడదు. పడటం సరిచేయాలంటే వాళ్లని పట్టుకోకండి, మీ ఒంటి మీద చూపించండి. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, ఒంట్లో బాగోలేని పిల్లలుంటే ముందే చెప్పాలి. సర్కస్ అనగానే పిల్లల్ని డేరాకి పట్టుకుపోతారన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. సర్కస్‌లో పిల్లల్ని పెట్టకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పిందనీ, మీరు నేర్పేది వేదిక కోసమనీ మొదటిరోజే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మీ నోటితో చెప్పండి. వాళ్లలో ఒకరైనా ఇది అడగాలనుకుని మొహమాటపడుతూ ఉంటారు.

బతుకుతెరువు అవుతుందా అన్నదానికి నిజం చెబుతాను. ఒక్క సమ్మర్ క్యాంపుతో అవదు. టీకొట్టు మూయొద్దు. రెండు మూడేళ్లలో నాలుగు పాయలుగా రావాలి ఆదాయం, మన గోదారిలాగే. స్కూళ్లు ఒకటి. నాటక పరిషత్తులకి వెళ్లే సమాజాలు రెండోది. పాలకొల్లు నుంచి కాకినాడ దాకా ఇప్పటికీ నాటకం వేసేవాళ్లున్నారు, నాకు తెలిసినంతలో వాళ్లలో పడటం సరిగ్గా వచ్చినవాళ్లు తక్కువ. వాళ్లకి నాలుగు క్లాసులు చెప్పండి. మూడోది తీర్థాల్లో, పెళ్లిళ్లలో మీ సొంత ఐటం, అది ఎలాగూ ఉంది. నాలుగోది ఇప్పుడే కాదు, కానీ మనసులో పెట్టుకోండి, ఆస్పత్రులు. న్యూయార్క్‌లో ఒక సర్కస్ పెట్టినవాళ్లలో ఒకరైన మైఖేల్ క్రిస్టెన్సెన్, ఆయనా జోకరే, 1986లో పిల్లల ఆస్పత్రులకి జోకర్లని పంపే పని మొదలుపెట్టాడు. శిక్షణ తీసుకున్న జోకర్లు, జీతం మీద. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది. కానీ వార్డులో రింగులోలా చేయకూడదు. చేతులు కడుక్కోవాలి, నర్సుని అడగాలి, తలుపు దగ్గర ఆగి 'లోపలికి రానా' అని పిల్లాణ్ణి అడగాలి, వద్దంటే వెళ్లిపోవాలి. ఆస్పత్రిలో ఉన్న పిల్లాడికి వద్దనే హక్కు దొరికేది అక్కడొక్కచోటే. ముందు స్కూల్లో రెండేళ్లు చేయండి, ఆ తర్వాత దీని గురించి మాట్లాడుకుందాం.

ఈలోగా కాగితాల పని చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో మరుగుజ్జుతనం ఉంది, ఆ మాట చట్టం వాడింది. సదరం సర్టిఫికెట్ లేకపోతే మీ ఊరి సచివాలయంలో అడిగి పరీక్షకి స్లాటు పెట్టించుకోండి. ఇ-శ్రమ్ కార్డు 59 ఏళ్ల లోపు అసంఘటిత కార్మికులకి ఇస్తారు, మీకు వస్తుంది. సర్కస్‌లో చేసిన రోజుల ఫొటోలు, పాసులు, చీటీలు ఏమున్నా పారేయకండి. 60 దాటాక వృద్ధ కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టాలంటే మీరు కళాకారులని చూపించుకోవాలి కదా.

మీ బావమరిదిగారికి ఎక్కువ చెప్పేదేం లేదు. పాలకొల్లు పేరు చెబితే అల్లు రామలింగయ్యగారు గుర్తొస్తారు, రాజమండ్రి అంటే రాజబాబుగారు. బ్రహ్మానందంగారు సినిమాల్లోకి పోకముందు ఇక్కడ అత్తిలిలోనే తెలుగు లెక్చరరు. ఈ నేల మీద నవ్వించడం ఎప్పట్నుంచి పరువు తక్కువ అయిందో మీ బావమరిదిగారినే అడగండి. కోపంగా కాదు, కాఫీ ఇచ్చి అడగండి.

అమ్మాయి సంగతి వేరు. గదిలోకి వెళ్లిపోతుంది అన్నారు, సిగ్గుపడుతోంది అనుకుంటున్నారు. కావచ్చు. కానీ ఆ పిల్ల ఎదిగిన ఏళ్లన్నీ మీరు డేరాల్లో ఉన్నారు, మధ్యలో ఎప్పుడో వచ్చి పోయుంటారు. రంగు పూసుకున్న నాన్న అంటే ఆ పిల్లకి వెళ్లిపోయే నాన్న అయ్యుండొచ్చు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల మధ్య బతికినదాన్ని, నాకు అలా తోచింది. తప్పయితే మన్నించండి. అడిగి ఇబ్బంది పెట్టకండి. దానికన్నా ఒక పని చెప్పండి.

సర్కస్‌లో జోకరు పడినప్పుడు డ్రమ్ము కొట్టేవాడు ఎంత ముఖ్యమో మీకు తెలుసు. ఒళ్లు నేలకి తగిలిన క్షణాన దెబ్బ పడాలి. రెప్పపాటు ముందైనా పోయింది, వెనకైనా పోయింది. మీ పన్నెండు క్లాసులకీ అలా కొట్టేవాళ్లు ఒకరు కావాలి. సెలవులే కాబట్టి ఆ పిల్లని అడగండి. ముందు ఇంట్లో, తలుపులు వేసుకుని, ఒక పీచు పరుపు పరిచి, చేతికి ఇత్తడి పళ్లెం, గరిటె ఇచ్చి, 'నేను పడినప్పుడు కొట్టమ్మా' అనండి. రంగు లేకుండా, మామూలు లుంగీతో. మొదటి రెండుసార్లు ఆలస్యంగా కొడుతుంది. ఏమీ అనకండి. లేచి మళ్లీ పడండి.